ముందొకరు, వెనకొకరు

మా నాయనకు మతి తప్పుతోందని తెలుసుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది. తప్పు మాదే. ఇంకే జిల్లాలోనైనా రెండు నెలల్లో తేలిపోయే సంగతి అది. మా కడప జిల్లాలో, అందులోనూ మా ఇంట్లో, ఆ లక్షణాలన్నీ జాగ్రత్త కింద చెల్లిపోయాయి.

మా నాయన జీపు డ్రైవరు. జమ్మలమడుగు అవతల మా ఊర్లో, ఫ్యాక్షన్ రోజుల్లో, ఒక పెద్దాయన దగ్గర పదిహేనేళ్లు జీపు నడిపాడు. ఆ పనికి కొన్ని పద్ధతులుండేవి. పోయిన దారిన తిరిగి రాకూడదు. ఎక్కడికి పోతున్నామో ఎవరు అడిగినా చెప్పకూడదు. బండి కింద వంగి చూడకుండా తాళం తిప్పకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, బండి ఎక్కడ ఆపినా వెనక్కి తిప్పి, మొగం రోడ్డు వైపు పెట్టి ఆపాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు బండి తిప్పుకుంటూ కూర్చునే తీరిక ఉండదు కదా.

మా చిన్నాయనను, అంటే మా నాయన సొంత తమ్ముణ్ణి, చేని దగ్గర చంపేశారు. నెల తిరక్కుండా అవతలి పార్టీలో ఒకాయన పోయాడు. ఆ రోజు జీపు నడిపింది మా నాయనేనని ఊరంతా అనుకున్నారు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ వారంలోనే ఊరు వదిలి ప్రొద్దుటూరు వచ్చేశాం. నేనప్పుడు ఆరో తరగతి. తర్వాత ఆయన ఇరవై ఏళ్లు టాక్సీ నడిపాడు. పెళ్లికి పోయే గుంపు బండిలో కేకలు వేస్తున్నా సరే, ముందు దిగి బండి కింద చూసేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు తెల్లారేసరికి మా వీధిలోని స్కూటర్లన్నీ తిప్పి రోడ్డు వైపు పెడితే, మేం ఏమనుకోవాలి? నవ్వుకున్నాం. మరుసటి వారం కూరగాయల తోపుడు బండి తిప్పాడు. ఆ తర్వాత మా గుమ్మం ముందు చెప్పులన్నీ బయటికి మొగం పెట్టాయి. ఇంటికొచ్చిన చుట్టాలు అవి చూసి, వెళ్లిపొమ్మని చెప్పడానికి ఇదొక మర్యాద కాబోలని గొణుక్కుంటూ పోయారు. ఒకే మాట పదిసార్లు అడిగితే ఆరా తీస్తున్నాడనుకున్నాం. ఎదురింటాయన పలకరిస్తే తెలియనట్టు చూస్తే, కావాలనే తెలియనట్టున్నాడనుకున్నాం. పాల పాకెట్టుకని పోయి రెండు గంటలకు వస్తే, "పోయిన దారిన రాకూడదు గదా, చుట్టు తిరిగొచ్చినా" అనేవాడు. మేమూ తలలూపేవాళ్లం. దారి తప్పి తిరిగాడని మాకు తట్టనే లేదు.

నేను ఎప్పుడైనా అనుమానపడితే అమ్మ కొట్టిపారేసేది. "ఈయన ఎప్పుడు తిన్నగా ఉన్నాడని ఇప్పుడు వంకర పోయినాడంటావు?" అని. అమ్మ నోటికి మా వీధిలో ఎదురులేదు. ఆ నోరు ఒక్కసారే మూతపడింది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుంటే నాయన ఆమె మొహంలోకి చూసి, ఎంతో మర్యాదగా, "మీదే ఊరమ్మా? మా ఆమె యాడికి పోయింది?" అని అడిగాడు. అమ్మ చేతిలో పప్పు గరిటె అలాగే ఉండిపోయింది.

కర్నూలులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన చాలా మంచి మనిషి, కానీ మా జిల్లా మనిషి కాడు. ముందుగా మూడు మాటలు చెప్పాడు: గుర్రం, గొడుగు, మామిడికాయ. "ఇవి గుర్తుపెట్టుకోండి, కాసేపాగి అడుగుతాను" అన్నాడు. నాయన గోడ వైపు చూశాడు. తర్వాత డాక్టరు, "మీ ఇల్లెక్కడ?" అన్నాడు.

"నీకెందుకప్పా మా ఇల్లు?"

"పోనీ, ఇప్పుడు మన ముఖ్యమంత్రి ఎవరు?"

"ముందు నువ్వు చెప్పు, మీదే పార్టీ?"

డాక్టరు గొంతు సవరించుకుని, ఇందాక చెప్పిన మూడు మాటలేమిటని అడిగాడు. నాయన కుర్చీలో నిటారుగా కూర్చుని, "నాకెవరూ ఏం చెప్పల్యా. నేనేం విన్ల్యా" అన్నాడు. పోలీసు స్టేషన్లో ఎన్నిసార్లు అప్పజెప్పిన పాఠమో అది. ఈయన మరిచిపోయాడో, తెలిసీ చెప్పట్లేదో తేల్చడం కష్టమని డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. చివరికి స్కానింగే తేల్చింది. డిమెన్షియా అన్నాడు. మాత్రలు రాసి, జబ్బు నయమయ్యేది కాదు, కాస్త నెమ్మదిగా నడుస్తుందంతే అని చెప్పాడు. ఓపిక పట్టాలన్నాడు. ఇంట్లో చూసుకునేవాళ్లు కూడా మధ్యమధ్యలో విశ్రాంతి తీసుకోవాలన్నాడు. ఆ విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందని అడిగాను. పెద్ద ఊర్లలో ఇలాంటివాళ్లను పగటిపూట చూసుకునే కేంద్రాలున్నాయట. రెండో బొంబాయి అని పేరు పెట్టుకున్న మా ప్రొద్దుటూర్లో బంగారం దొరుకుతుంది, బట్టలు దొరుకుతాయి. అదొక్కటీ దొరకదు.

నేను చాపాడు దగ్గర బడిలో టీచరుగా చేస్తున్నాను. మా ఆయనకు కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా ముగ్గురి మధ్య నాయన. తిండి, స్నానం, మందులు ఎట్లాగో నడిచిపోయేవి. సాయంత్రం నాలుగైతే మాత్రం మేం గడియారం వైపు చూసేవాళ్లం. సరిగ్గా ఆ వేళకు ఆయన లేచి నిలబడి అడిగేవాడు.

"తమ్ముడు యాడ?"

నేను టీచర్ని. పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పే నోటితో అబద్ధమెట్లా ఆడను? "చిన్నాయన లేడు నాయనా, చచ్చిపోయినాడు గదా" అని చెప్పేదాన్ని. ఆయన మొహం అప్పుడే కబురు విన్న మనిషి మొహంలా అయిపోయేది. గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చేవాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఎవరు చంపినారు? జీపు తీయండి" అని వీధిలోకి నడిచేవాడు. గడియ పెడితే తలుపు బాదేవాడు. మర్నాడు నాలుగింటికి మళ్లీ అదే ప్రశ్న, నాదీ అదే జవాబు. నేను చాలా నిజాయితీగా ఆయన్ని రోజుకొకసారి చంపుతున్నానని అప్పట్లో నాకు తెలియదు.

నా భయమంతా ఒకటే. ఆయన కాళ్లు గట్టివి. ఏదో ఒకరోజు జమ్మలమడుగు బస్సెక్కేస్తాడు. ఊర్లో దిగి, తమ్ముడి కోసం వెతుకుతూ, ఎవరి గడప తొక్కకూడదో ఆ గడపే తొక్కుతాడు. మేం ఊరు వదిలి పాతికేళ్లు దాటినా, అటు వైపు గాలి కూడా మా మీద పడకుండా బతికాం. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుందామా అని కూడా ఆలోచించాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఇంట్లో ఒక మతి పోయింది చాలు, రెండోది పోనీయాకు" అంది.

అప్పుడు దారి చూపించినవాడు మా పక్కింటి భాయ్. పన్నెండేళ్లు కువైట్లో పనిచేసి వచ్చి, బోరు మోటర్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం నేను నాయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నాను, ఆయన నన్ను ముందుకు లాగుతున్నాడు. భాయ్ అంగడి అరుగు మీద నుంచి చూసి చూసి దిగొచ్చాడు.

"ఏంది పాపా నువ్వు జేసేది? అంత పార్టీలో తిరిగిన మనిషిని చెయ్యి పట్టుకుని గుంజుతారా? ఒక్కన్నే పంపుతారా? పద్ధతుండాల్నా లేదా?" అని నన్ను కసిరి, నాయన ముందు నిలబడ్డాడు. "మామా, యాడికి పోయినా ముందొకరు వెనకొకరు లేకుండా పోగూడదు. నేను ముందు నడుస్తా. నువ్వు మధ్యలో రా."

నాయన నా చెయ్యి వదిలేశాడు. చొక్కా సర్దుకున్నాడు. భాయ్ ముందు, నేను వెనక, ఆయన నడుమ. వీధి చివర కాఫీ హోటలు దాకా పోయి, అక్కడ ఒక కాఫీ తాగి, పద్ధతి ప్రకారం వేరే దారిలో ఇంటికొచ్చాం. నాయన నిమ్మళంగా కూర్చుని అన్నం తిన్నాడు. మా నాయన జీవితమంతా ఇంకొకరికి కాపలాగా నడిచాడు గానీ, ఆయనకు ముందూ వెనకా మనుషులు నడవడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి అదొక వ్యవహారమైంది. భాయ్‌కి పనుంటే కాఫీ హోటలాయన ముందు నడిచేవాడు. రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన ఉండేవాడు, వెనక నడవడం ఆయన వంతు. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె కూడా మోకాలి డాక్టరు నడవమన్నాడని చేరింది. వీధిలో వీళ్లలో సగం మందిది ఒక పార్టీ, సగం మందిది ఇంకో పార్టీ. ఎన్నికలొస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నాయన ఊరేగింపులో మాత్రం ఎవరి వంతు వాళ్లు తప్పేవాళ్లు కాదు. "మీ పెద్దాయనకు భద్రత పెంచినారే" అని బజారులో ఆటలు పట్టించేవాళ్లు. ఆ అరగంట నేను ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చునేదాన్ని. డాక్టరు చెప్పిన విశ్రాంతి అదే అయ్యుండాలి.

భాయ్ భార్య ఇంకో మంచి పని చేసింది. నాయన చొక్కాలన్నిటికీ జేబు లోపలి వైపు, గుడ్డ మీద నా ఫోన్ నెంబరు ఎర్ర దారంతో కుట్టి పెట్టింది. కాగితం రాసి పెడితే తడుస్తుంది, పారేస్తాడు, కుట్టింది ఎక్కడికీ పోదని.

ఆ నెంబరు ఓట్ల లెక్కింపు రోజు అక్కరకొచ్చింది. ఎండాకాలం సెలవులు. వీధిలో ప్రతి ఇంట్లో టీవీ మోగుతోంది. భాయ్ అంగడి మూసి టీవీ ముందు. కాఫీ హోటలాయన హోటల్లోనే టీవీ ముందు. పోస్ట్‌మాన్ చేతిలో కాగితం, పెన్ను, ఆధిక్యాలు రాసుకుంటూ. నేనూ టీవీ ముందే ఉన్నాను, దాచడమెందుకు? తలుపు గడియ ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియదు. నాలుగైంది, ప్రశ్న వినపడలేదు. చూస్తే మంచం ఖాళీ. గుమ్మం ముందు చెప్పులన్నీ బయటికి మొగం పెట్టి ఉన్నాయి, ఆయనవి మాత్రం లేవు.

వీధంతా వెతికాం. బస్టాండుకు పరిగెత్తాం. ఐదు గంటలప్పుడు నా ఫోన్ మోగింది. ఆడమనిషి గొంతు, పెద్ద వయసుది.

"మీ నాయన మా ఇంట్లో ఉండాడు" అని, తానెవరో చెప్పింది.

చిన్నాయన తర్వాత నెల తిరక్కుండా పోయిన ఆ అవతలి పార్టీ మనిషి భార్య.

భాయ్ మోటర్లు మోసుకుపోయే ట్రాలీ ఆటో తీశాడు. వద్దన్నా అమ్మ మోకాళ్ల నొప్పులతోనే ఎక్కింది. జమ్మలమడుగు దాటుతుంటే గెలిచినవాళ్లు టపాకాయలు కాలుస్తున్నారు. మొదటి చప్పుడుకే అమ్మ, నేను తలలు కిందికి వంచేశాం. భాయ్ అద్దంలో చూసి ఆటో వేగం పెంచాడు. ఊర్లో ఆ ఇంటి ముందుకు రాగానే, ఎవరూ చెప్పకుండానే, ఆటోను వెనక్కి తిప్పి రోడ్డు వైపు మొగం పెట్టి ఆపాడు.

వసారాలో మా నాయన చాప మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. పక్కన ఆమె ఒలుస్తోంది. అరవై దాటిన మనిషి, బక్కగా ఉంది. నాయన తల మీద గోడకు దండ వేసిన ఫోటో. పెద్ద మీసాలాయన. మా నాయన ఆ ఫోటో కిందే, అది తన ఇల్లయినట్టు మఠం వేసుకుని, మమ్మల్ని చూసి, "రాండి, కూర్చోండి" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"మీ ఆయన ఇంకా రాల్యా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కాయ ఒలుస్తూనే, తల ఎత్తకుండా, "పొలం పోయినాడన్నా, వస్తాడు" అంది.

"వస్తే చెప్పుమ్మా, నేనొచ్చినానని."

"చెప్తాలేన్నా."

మేం కూర్చున్న పావుగంటలో ఆయన ఇంకో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆమె అదే మాట, అదే నెమ్మదితో చెప్పింది. నేను నీళ్లు తాగే నెపంతో లోపలికి పోతే నా వెనకే వచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

"మూడేండ్లయిందత్తా. చిన్నాయన యాడని రోజూ అడుగుతాడు."

"నువ్వేం చెప్తాండావు?"

"ఉన్న మాటే చెప్తాండా."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "సదువుకున్నదానివే గదా. ఎన్నిసార్లు చంపుతావు పాపా ఆ చిన్నాయనను? ఆయప్ప ఒక్కసారి చచ్చింది చాల్యా?"

ఆమె అత్తకు ఇదే జబ్బట. ఎనిమిదేళ్లు. రోజూ గుమ్మంలో కూర్చుని నా కొడుకు యాడ అని అడిగేదట. మొదట్లో ఈమె కూడా నాలాగే నిజం చెప్పిందట. చెప్పినప్పుడల్లా ముసలామె కొత్తగా ఏడ్చేది. "ఆయమ్మ ఏడిస్తే నేనూ కొత్తగా ముండ మోసినట్టుండేది. రోజూ ఎవరు మోయగలరు? ఒకరోజు పొలం పోయినాడు, వస్తాడు అన్నా. ఆయమ్మ గమ్మున సంగటి తినింది. ఎనిమిదేండ్లు ఆ మాటే చెప్పినా. నాకూ కొంచెం అట్నే ఉండాదనిపించేది" అంది.

నాకు ఏదో చెప్పాలనిపించింది. ఆ రోజు జీపు గురించి. "అత్తా, మా నాయన అప్పుడు..." అని మొదలుపెట్టాను.

"ఆ మాట ఇప్పుడెందుకు? ఆయప్పకే గుర్తుల్యా. గుర్తుపెట్టుకునేదానికి నేనొక్కదాన్నే మిగిలినా. నాకూ శానా అలుపొచ్చింది" అని ఆమె పొయ్యి వైపు తిరిగింది. "జొన్న రొట్టె ఉండాది. తిని పోండి. దారిలో నాయన ఆకలంటాడు."

మా రెండిళ్లవాళ్లం పాతికేళ్లుగా ఒకరింట్లో ఒకరం నీళ్లు కూడా ముట్టుకోలేదు. చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నంజుకుని అమ్మ ఆ రొట్టెలు రెండు తిన్నది.

మర్నాడు నాలుగింటికి నాయన లేచి నిలబడ్డాడు. తమ్ముడు యాడ అన్నాడు. నా నోరు ఒక పట్టాన తిరగలేదు. చివరికి, "పొలం పోయినాడు నాయనా, వస్తాడు" అన్నాను. ఆయన నా మొహంలోకి అనుమానంగా చూశాడు. తర్వాత, "ఎండన పోయినాడే, సద్ది తీసుకపోయినాడా?" అన్నాడు. తీసుకుపోయాడన్నాను. ఆయన కూర్చున్నాడు. కాసేపటికి భాయ్ వచ్చి ముందు నిలబడ్డాడు, అందరూ కాఫీకి బయల్దేరారు. నేను వంటింట్లోకి పోయి చాలాసేపు ఏడ్చాను, అంత తేలికైన పనిని అన్నాళ్లు చేయనందుకు.

అప్పటి నుంచి రెండు మూడు రోజులకొకసారి ఊరి నుంచి ఆ అత్త ఫోన్ చేసేది. కర్నూలు డాక్టరు దగ్గర లేని మందులన్నీ ఆమె దగ్గరున్నాయి. నాయన ఒంటికి నీళ్లు పోసుకోనని మొండికేస్తే, "పోసుకోమని చెప్పాకు. పెద్దాయన కబురంపినాడు, జీపు సిద్ధంగా ఉండాది అను" అనేది. అన్నాను. చెంబు కోసం ఆయనే వెతుక్కున్నాడు. మాత్ర మింగకపోతే ముందు నువ్వు ఏదో ఒకటి నోట్లో వేసుకుని చూపించు అనేది. బెల్లం ముక్క వేసుకుని చూపించేదాన్ని. ఇంకొకరు రుచి చూడంది ముట్టుకునే అలవాటు ఆయనకు ఎటూ లేదు. ఒకసారి నేను విసుగొచ్చి ఆయన మీద చెయ్యెత్తాను. కొట్టలేదు, కానీ ఎత్తాను. ఎవరికీ చెప్పుకోలేక ఆమెకు చెప్పాను. "నేను కొట్టినా పాపా, మా అత్తను. రెండుసార్లు" అంది. ఆ ఒక్క మాటతో నాకు ఊపిరి ఆడింది.

ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ ఒకటే అడిగేది: "నువ్వు తిన్యావా?" నాయన తిన్నాడా అని చుట్టాలందరూ అడిగేవాళ్లు. నేను తిన్నానా అని అడిగింది ఆమె ఒక్కతే.

నాయన ఇంకో నాలుగేళ్లు ఉన్నాడు. ఆఖర్లో నడవలేకపోతే చక్రాల కుర్చీలో తీసుకుపోయేవాళ్లు, ముందొకరు వెనకొకరు. పోయిన రోజు కూడా అట్లాగే పోయాడు. కాకపోతే వెనక వీధి మొత్తం ఉంది. భాయ్ ముందు నడిచాడు. మర్నాడు పొద్దున మా వీధిలో ఎవరు చేశారో గానీ, స్కూటర్లన్నీ రోడ్డు వైపు మొగం పెట్టి ఉన్నాయి. అమ్మ చూసి నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది.

ఆ పైయేడు ఊర్లో అత్త ఫోన్లు తగ్గాయి. నేను చేస్తే చెప్పిందే చెప్పేది. తర్వాత పులివెందుల నుంచి ఆమె కూతురు చేసింది. అమ్మను తన దగ్గరికి తెచ్చుకున్నానని, అమ్మ ఎవరినీ గుర్తుపట్టడం లేదని, ఏం చేయాలో తెలియడం లేదని. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నాదే.

ఆదివారం పులివెందుల పోయాను. ఆమె గుమ్మంలో పీట వేసుకుని, గేటు వైపు చూస్తూ చెనిక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఎవరో అనుకుంది. నేను పక్కన కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. కూతురు తలుపు పట్టుకుని నిలబడింది. నేనెవరి బిడ్డనో ఆ అమ్మాయికి తెలుసు. తండ్రి పోయినప్పుడు ఆమెకు మూడేళ్లట.

కాసేపటికి అత్త నా వైపు తిరిగింది.

"మా ఆయన ఇంకా రాల్యా పాపా?"

కూతురు నన్నే చూస్తోంది. ఆ రోజు జీపు నడిపిన మనిషి కూతుర్ని నేను. అయినా ఆ మాట ఎట్లా చెప్పాలో ఆమే నేర్పింది కాబట్టి, చేతిలో కాయ ఒలుస్తూనే, తల ఎత్తకుండా చెప్పాను.

"పొలం పోయినాడత్తా, వస్తాడు."

ఆమె తలూపింది. గేటు వైపు చూడటం మానేసింది. ఒలిచిన గింజలు గుప్పెడు తీసి నా చేతిలో పోసి, "నువ్వు తిన్యావా?" అంది.